కోసే కత్తి ఉంది గానీ చూసే మైక్రోస్కోపు లేదా?

'సుఖవ్యాధి' అనే మాట ఎవరు పుట్టించారో గానీ, వాడలో పుట్టిన ఆడమనిషి మాత్రం కాదు. కోడి కూయకముందే లేచి, నాట్లకు పోయి, మోకాటి లోతు బురదలో పొద్దంతా నడుం వంచి, సందెవేళకు ఇల్లు చేరి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషికి మంట, దురద, వాసనతో తెల్లబట్ట పట్టుకుంటే దానికి 'సుఖం' అని పేరు పెట్టిన పెద్దమనుషుల్ని ఏమనాలి? ఆ మాటను గోడల మీద రాశారు. పత్రికల్లో డాక్టరు సలహాల పేజీల్లో రాశారు. ఆ మాట పక్కన నిలబడి 'అయ్యా, నాకు ఇట్లా ఉంది' అని ఏ తల్లి నోరు తెరుస్తుంది? పేరు పెట్టడంలోనే సగం వైద్యం మనకు లేకుండా చేశారు. మిగతా సగం ఎట్లా లేకుండా చేస్తున్నారో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

అన్ని రోగాల ఊసు ఎత్తం. ఒక్క రోగం తీసుకుందాం. దాని పేరు ట్రైకోమొనియాసిస్. దాన్ని తెచ్చేది ట్రైకోమొనాస్ వజైనాలిస్ అనే పరాన్నజీవి. మలేరియా క్రిమిలాగే ఇది కూడా ఒంటికణం జీవి. కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఆడవాళ్ళకు యోనిలోనూ మూత్రనాళంలోనూ కాపురం పెడుతుంది. మొగోళ్ళ మూత్రనాళంలో చప్పుడు చేయకుండా దాక్కుంటుంది. వాళ్ళలో చాలామందికి ఏ బాధా తెలియదు. ఆడవాళ్ళలో కూడా ఎక్కువమందికి పెద్దగా లక్షణాలు కనపడవు. నెలలు, ఏళ్ళు కూడా లోపలే ఉండిపోతుంది.

సెగ, సవాయి అంటే ఊళ్ళో ముసలివాళ్ళకు కూడా తెలుసు. దీని పేరు ఎవరికీ తెలియదు. కానీ లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్యవాళ్ళలో ఈ పరాన్నజీవి కొత్తగా సోకిన సందర్భాలు 15 కోట్ల 60 లక్షలు. సెగ 8 కోట్ల 20 లక్షలు. సవాయి 71 లక్షలు. అంటే ఆ రెండూ కలిపినా దీని లెక్కకు చేరవు. అయినా పేరు లేదు. ఇది ఎక్కువగా ఎవరి ఒంట్లో ఉంటుందో, ఎవరి నోరు మూతపడి ఉంటుందో ఆలోచిస్తే పేరు ఎందుకు లేదో తెలుస్తుంది.

'దురదే గదా, చచ్చిపోతారా' అంటారు. కడుపుతో ఉన్న మనిషికి ఈ రోగం ఉంటే నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. తక్కువ బరువు బిడ్డలు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ ఒంట్లోకి దూరడానికి దారి సులువవుతుంది. మన వాడల్లో కిలోన్నర బిడ్డ పుడితే 'తల్లి సరిగ్గా తినలేదు' అని తల్లి మీదనే నేరం మోపుతారు. తినలేదు నిజమే, తిండి లేదు గనక. దానితోపాటు ఆ తల్లికి ఈ పరీక్ష ఎవరైనా చేశారా అని అడిగిన పాపాన పోయారా?

ఇక మందు. మందు ఏ అమెరికా నుంచో తేవాల్సిన పని లేదు. జిగట విరేచనాలకు ఆర్‌ఎంపీ డాక్టరు సంచీలోంచి తీసి ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్రే దీనికీ మందు. ఆడవాళ్ళకైతే ఒక్కసారే మింగే పెద్ద మోతాదు కన్నా రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు రోజులు వాడటం మేలని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. మందు చవక. రోగం నయమయ్యేదే. మరి ఎక్కడ ఆగిపోయింది? చూడటం దగ్గర ఆగిపోయింది. మన ఆడోళ్ళ రోగాన్ని కంటితో చూడటానికి ఈ వ్యవస్థకు మనసు లేదు.

చూడటం అంత కష్టమా? ఈ పరాన్నజీవిని మొట్టమొదట చూసింది పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డొన్నే అనే డాక్టరు, 1836లో. అప్పటికి కరెంటు దీపం లేదు. మన దేశంలో రైలు లేదు. ఆడవాళ్ళ స్రావాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో ఈదుతున్న జీవిని చూసి లోకానికి చెప్పాడు. దాదాపు 190 ఏళ్ళు గడిచాయి. మన మండల కేంద్రంలో ఆ పని ఈ రోజుకీ కొత్త విద్యే!

పరీక్షను వెట్ మౌంట్ అంటారు. పేరు చూసి బెదరకండి. దూది చుట్టిన పుల్లతో యోని లోపలి నుంచి కొంచెం స్రావం తీస్తారు. గాజు స్లైడు మీద ఒక చుక్క సెలైన్ వేసి అందులో కలుపుతారు. పైన పలచటి గాజుబిళ్ళ మూస్తారు. మైక్రోస్కోపు కింద పెడతారు. పరాన్నజీవి ఉంటే కుదుపులు కుదుపులుగా, తూలుతూ కదులుతుంది. చీముకణం అంత సైజే ఉంటుంది గానీ చీముకణం అట్లా ఈదదు. దీనికి ముందువైపు నాలుగు తోకలు, పక్కన అలలాడే పొర. ఆ కదలికను బట్టే దాన్ని గుర్తుపడతారు. రంగులు పూయనక్కర్లేదు, ఖరీదైన రసాయనాలు అక్కర్లేదు. పది నిమిషాల పని.

ఒక్క చుక్క సెలైన్! మన పల్లెల్లో సెలైన్‌కు కరువా? కాళ్ళు పీకినా, తల తిరిగినా, చిన్న జ్వరం వచ్చినా ఒక సీసా కట్టి వందలు వసూలు చేస్తున్నారు. వాడలో ఏ గుంజను చూసినా దానికి ఒకనాడు సెలైన్ సీసా వేలాడే ఉంటుంది. అవసరం లేనిచోట సీసాలకు సీసాలు మన నరాల్లోకి ఎక్కిస్తారు. అవసరమైన చోట గాజుముక్క మీద చుక్క వేయడానికి మాత్రం దిక్కు లేదు.

మైక్రోస్కోపు లేదంటారా? మలేరియా రక్తపు చుక్క చూసేది దేనితో? టీబీ గళ్ళ చూస్తూ వచ్చింది దేనితో? అదే మైక్రోస్కోపు, అదే బల్ల, అదే ల్యాబ్ టెక్నీషియన్. ఇది మన గొంతెమ్మ కోరిక కూడా కాదు. కేంద్ర ప్రభుత్వం 2012లో సవరించి అచ్చేసిన భారత ప్రజారోగ్య ప్రమాణాల పుస్తకంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ల్యాబులో జరగాల్సిన పనుల్లో జననాంగాల ఇన్‌ఫెక్షన్లకు వెట్ మౌంట్, గ్రామ్ స్టెయిన్ పరీక్షలు చేయాలని పేరు పెట్టి రాశారు. రాసింది వాళ్ళు, అచ్చేసింది వాళ్ళు. మీ పీహెచ్‌సీకి పోయి 'వెట్ మౌంట్ చేస్తారా' అని అడగండి. మేము అడిగిన చోట్ల ఒకరు నవ్వారు, ఒకరు 'అది పెద్దాసుపత్రిలో' అన్నారు, ఒకరు 'మీకెందుకమ్మా ఆ పేర్లు' అన్నారు.

'పెద్దాసుపత్రికి పంపిస్తాం' అనే మాటలో ఒక మోసం ఉంది. దాన్ని అందరూ తెలుసుకోవాలి. ఈ పరాన్నజీవి ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. చల్లబడితే, ఎండితే కదలిక ఆగిపోతుంది. గుండ్రంగా ముడుచుకుని చీముకణాల్లో కలిసిపోతుంది. అప్పుడు ఎంత చదువుకున్నవాడికైనా అదేదో ఇదేదో తెలియదు. అందుకే పది, ఇరవై నిమిషాల్లోనే స్లైడు చూడాలి. గంట గడిచేసరికే దొరకాల్సిన కేసుల్లో చాలా జారిపోతాయి. ఇప్పుడు చూడండి. తెలంగాణలో 2018లో హైదరాబాదులో మొదలై తర్వాత జిల్లాలకు పాకిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ పద్ధతి ఏమిటి? పీహెచ్‌సీలో రక్తం తీస్తారు, బండిలో జిల్లా హబ్బుకు పోతుంది, ఫలితం వెనక్కి వస్తుంది. షుగరుకు, థైరాయిడ్‌కు అది మేలే, మేము కాదనం. కానీ స్లైడు మీద ఈదే జీవి బండెక్కి జిల్లాకు పోదు. దారిలోనే చస్తుంది. రిపోర్టులో 'ఏమీ లేదు' అని వస్తుంది. రోగం మాత్రం మన మనిషి ఒంట్లోనే ఉంటుంది. ఈ పరీక్ష మనిషి ఉన్నచోట జరగాలి. జరిగితే అక్కడే, లేకపోతే లేనట్టే.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. వెట్ మౌంట్ గొప్ప పరీక్షేమీ కాదు. చేయి తిరిగినవాళ్ళు వెంటనే చూసినా నూరు మంది రోగుల్లో యాభై నుంచి డెబ్బై మంది దాకానే దొరుకుతారు. కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. అంటే స్లైడులో కనపడితే ఉన్నట్టే, కనపడకపోతే లేదని ఒట్టేయలేం. అందుకే మేము 'వెట్ మౌంట్ చాలు' అనడం లేదు. పీహెచ్‌సీలో వెట్ మౌంట్ అనేది గడప. ఆ గడప కూడా దాటనివ్వని వాళ్ళతో ముందు ఆ గడప దగ్గరే తేల్చుకోవాలంటున్నాం.

గడప లోపల ఏమున్నాయో కూడా చెబుతాం. కల్చర్ పద్ధతి ఉంది. స్రావాన్ని డైమండ్స్ మీడియం అనే పోషక ద్రవంలో వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో పెట్టి, రోజూ చూస్తూ ఐదు నుంచి ఏడు రోజులు పెంచుతారు. చాలాకాలం దీన్నే నిక్కచ్చి పరీక్ష అన్నారు. వెట్ మౌంట్ కన్నా ఎక్కువ పట్టుకుంటుంది గానీ వారం ఆగాలి. కూలికి పోయే మనిషి వారం తర్వాత మళ్ళీ ఒక రోజు కూలి పోగొట్టుకుని రిపోర్టుకు రాగలదా? వలసపోయే మనిషైతే ఆ వారానికి ఏ ఊళ్ళో ఉంటుందో!

ఇంకోటి, పట్టీ పరీక్ష. ఇంట్లో గర్భం పరీక్షకు గీత చూసినట్టే. ఓసమ్ అనే పేరుతో ఒకటి అమెరికాలో చాలా ఏళ్ళుగా వాడుకలో ఉంది. పది నిమిషాల్లో గీత పడుతుంది. నూటికి 82 నుంచి 95 మంది దాకా దొరుకుతారు. మైక్రోస్కోపు అక్కర్లేదు. కరెంటు కూడా అక్కర్లేదు.

అన్నిటికన్నా మించింది పరాన్నజీవి జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష. అమెరికాలో 2011లో దీనికి అనుమతి వచ్చింది. నూటికి 95 పైనే దొరుకుతాయి. ఇందులో మనకు పనికొచ్చే ఇంకో గుణం ఉంది. పుల్లతో స్రావం డాక్టరే తీయనక్కర్లేదు. ఆడమనిషి తలుపేసుకుని తనంతట తానే తీసుకోవచ్చు. డాక్టరు తీసినదానికీ తాను తీసుకున్నదానికీ ఫలితంలో తేడా రాదని తేలింది. పీహెచ్‌సీలో మగ డాక్టరు ఉన్నాడని, తెర లేదని, తాకడానికి మొహం చిట్లిస్తున్నారని వెనక్కి తిరిగొచ్చే మన అక్కలకు ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. టీబీ కోసం మన ఆసుపత్రుల్లో పెట్టిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం చూసే ఉంటారు. ఆ యంత్రంలోనే పెట్టి ఈ పరాన్నజీవిని గంటలోపు పట్టుకునే గుళిక అదే కంపెనీ తయారుచేసింది. యంత్రం మన డబ్బుతో కొన్నదే. బల్ల మీద కూర్చునే ఉంది. కావాల్సింది గుళిక. 'ఖరీదు' అంటారు. ఖరీదే. కానీ ఖరీదు సంగతి ఒక్క మన దగ్గరే గుర్తొస్తుందేం?

ఇక 'కిట్టు' సంగతి. పరీక్షలు లేనిచోట లక్షణాన్ని బట్టి మందివ్వడాన్ని సిండ్రోమిక్ పద్ధతి అంటారు. దాని కింద జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏడు రంగుల్లో మందుల కిట్లు పెట్టింది. తెల్లబట్ట అంటే ఆకుపచ్చ కిట్టు. అందులో సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ ఉంటాయి. ఒకటి ఈ పరాన్నజీవికి, ఒకటి బూజుజాతి ఇన్‌ఫెక్షన్‌కు. సురక్ష క్లినిక్ అనే బోర్డున్న గదుల్లో ఇస్తారు. దీన్ని సమర్థించేవాళ్ళ వాదన మాకు తెలుసు. 'రిపోర్టు కోసం తిప్పితే మళ్ళీ రారు, వచ్చినరోజే మందిస్తే కొందరైనా బాగుపడతారు' అంటారు. నిజమే. ల్యాబు లేని తండాలో, వానకు దారి తెగిన గూడెంలో అది సబబే. మా పేచీ ఆ మందుతో కాదు. దిక్కులేనప్పటికి పెట్టుకున్న పద్ధతినే మన బతుకంతా పద్ధతిగా చేసినందుకు మా పేచీ.

ఎందుకంటే అది రెండువైపులా కోస్తుంది. తెల్లబట్ట అయ్యే ఆడవాళ్ళందరికీ ఈ రోగం ఉండదు. కొందరికి అది ఒంటి సహజ గుణం. కొందరికి కలయికతో సంబంధం లేని ఇతర ఇన్‌ఫెక్షన్. అట్లాంటి మనిషికి పరీక్ష లేకుండా 'మీ ఆయన్ని కూడా తీసుకురా' అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏమవుతుందో చెప్పాలా? 'ఎవడితో తిరిగావే' అని జుట్టు పట్టుకుంటాడు. లేని రోగానికి దెబ్బలు తింటుంది. ఇటువైపు రోగం ఉన్నవాళ్ళలో చాలామందికి లక్షణమే ఉండదు. లక్షణం లేదు గనక కిట్టు లేదు. కిట్టు లేదు గనక రోగం అట్లాగే ఉంటుంది. పరీక్ష ఒక్కటే ఈ ఇద్దరినీ కాపాడగలదు. పైగా ఆడమనిషికి ఏడు రోజులు మందిచ్చి మొగుడికి ఇవ్వకపోతే ఎనిమిదో రోజుకు కథ మళ్ళీ మొదటికి. ఇది మొగోళ్ళు చెవిన పెట్టాల్సిన మాట. మాత్ర మింగడంలో మగతనం పోదు.

చూడకపోతే ఏమవుతుంది? ఇక్కడే అసలు కసాయితనం ఉంది.

పీహెచ్‌సీలో చూడరు. కిట్టు ఇచ్చినా మొగుడికి ఇవ్వరు గనక మళ్ళీ వస్తుంది. ఆర్‌ఎంపీ పట్నంలో తనకు తెలిసిన నర్సింగ్ హోముకు పంపుతాడు. పంపినందుకు అతనికి ముడుతుంది. అక్కడ పొట్టమీద స్కానింగ్ తీస్తారు. 'గర్భసంచి పుండు పడింది, వాచింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అంటారు. పుల్లతో స్రావం తీశారా? లేదు. స్లైడు చూశారా? లేదు. క్యాన్సర్ అనుమానమే నిజమైతే దానికో పరీక్ష ఉంది గదా, అది చేశారా? అదీ లేదు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి గర్భసంచి తీసి పారేస్తారు. ఉన్న అరెకరం తాకట్టు, లేదా మేస్త్రి దగ్గర అడ్వాన్సు. వాడల్లో కూర్చుని అడిగి చూడండి. ప్రతి వరసలో ఒకరిద్దరు అక్కలు 'నాకు పెద్దాపరేషన్ అయింది' అని చెబుతారు. ఎందుకైందంటే 'తెల్లబట్ట' అనేవాళ్ళు వాళ్ళలో తప్పక ఉంటారు.

మేము ఊహించి రాయడం లేదు. ప్రభుత్వమే చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలో మనమే ముందున్నాం! అందులో మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అన్నీ తెల్లబట్ట కోసమే చేశారని మేము అనం. రక్తం ఎక్కువ పోవడం అనేదే పెద్ద కారణంగా చెప్పారు. కొన్ని నిజంగా అవసరమైనవీ ఉంటాయి. కానీ మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ళ గర్భసంచులు దేశం మొత్తం మీద కన్నా రెండింతలకు పైగా ఎందుకు చెడిపోతాయి? నీళ్ళలో ఏమన్నా ఉందా? లేదు, నర్సింగ్ హోముల్లో ఉంది.

పక్కనున్న మహారాష్ట్రలో బీడ్ జిల్లా సంగతి 2019లో బయటపడింది. చెరకు నరికే వలస కూలీలు. సర్కారు వేసిన కమిటీ 82,309 మంది ఆడకూలీలను అడిగితే 13,861 మందికి గర్భసంచి తీసేసి ఉంది. బహిష్టు వస్తే రోజు కూలి పోతుంది, పనికి రాకపోతే మేస్త్రి జరిమానా వేస్తాడు. డాక్టరు కత్తి, మేస్త్రి లెక్క రెండూ ఒకచోట కలిశాయి. బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళితే, పదేళ్ళకు 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఇట్లాంటి ఆపరేషన్లను అడ్డుకోవడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు చెప్పింది. ఆ కాగితం మీ జిల్లా వైద్యాధికారి బల్ల మీద ఉందో, బల్ల కింద ఉందో అడిగి తెలుసుకోండి.

ఒక్క మాట అందరికీ అర్థం కావాలి. ట్రైకోమొనాస్ ఉండేది గర్భసంచిలో కాదు. యోనిలో, మూత్రనాళంలో. గర్భసంచి కోసి బుట్టలో వేసినా పరాన్నజీవి ఉన్నచోటే ఉంటుంది! తెల్లబట్ట మళ్ళీ అవుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్ళకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, నడుం నొప్పి, ఒళ్ళు మంటలు. కూలికి పోలేదు. తెచ్చిన అప్పు మాత్రం కూలి చేసే తీర్చాలి. ఏడు రోజుల మాత్రలతో పోయే రోగానికి ఇంత శిక్ష! ఒక చుక్క సెలైన్ వేయని పాపానికి ఒక అవయవం!

కులానికీ దీనికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆడమనిషి లోపలి పరీక్ష అంటే డాక్టరు చేయి పెట్టి చూడాలి. చూసే మనసు ఎవరిమీద ఉంటుంది? దొరసాని పోతే కుర్చీ వేసి, తెర లాగి, పావుగంట మాట్లాడతారు. మనవాళ్ళు పోతే గుమ్మం దగ్గరే 'ఏంది? తెల్లబట్టా? ఈ కిట్టు తీసుకుపో' అంటారు. రక్తం తీసేటప్పుడు సూది అడ్డం ఉంటుంది. ఈ పరీక్షకు అడ్డం ఏమీ ఉండదు. అందుకే తప్పించుకుంటారు. అంటరానితనం బావి దగ్గర, గుడి దగ్గరే ఆగిపోయిందనుకుంటే పొరపాటు. అది పరీక్షబల్ల దాకా వచ్చింది.

గోదావరికి, ప్రాణహితకు అవతల గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను నిజంగా పరీక్ష చేసి చూశారు. 1989లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. నోరు తెరిచి బాధ చెప్పినవాళ్ళు నూటికి 55. పరీక్ష చేస్తే ఏదో ఒక స్త్రీ సంబంధ రోగం ఉన్నవాళ్ళు నూటికి 92! అంతకుముందు ఎప్పుడైనా ఇట్లాంటి పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మందే. ఏరు దాటితే మన ఊళ్ళే. ఆ అంకెలు వచ్చి మూడున్నర దశాబ్దాలు దాటింది. మన మండలాల్లో అట్లా కూర్చుని చూసినవాళ్ళెవరు?

ఇది మన ఒక్కళ్ళ గోసే కాదు. అమెరికాలో 2001-04 మధ్య జరిగిన దేశవ్యాప్త సర్వేలో మొత్తం ఆడవాళ్ళలో ఈ పరాన్నజీవి ఉన్నవాళ్ళు నూటికి 3.1. తెల్లవాళ్ళలో 1.3. నల్లజాతి ఆడవాళ్ళలో 13.3. పది రెట్లు! అంత డబ్బున్న దేశంలో కూడా డాక్టర్లు ఈ కేసుల లెక్కను ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జాతీయ జాబితాలో దీన్ని చేర్చలేదు. అక్కడి ప్రభుత్వ సంస్థే దీన్ని నిర్లక్ష్యానికి గురైన రోగాల్లో ఒకటిగా పేర్కొంది. రోగం ఎవరిదో చూసి దానికి ధర కడతారు. అక్కడ రంగు, ఇక్కడ కులం.

ఇప్పుడు మనలో మాట. సంఘాల మీటింగుల్లో ఈ విషయం ఎత్తితే కొందరు నాయకులు తల దించుకుని గడ్డం గోక్కుంటారు. 'అది ఆడోళ్ళ ఊసు, నర్సమ్మ చూసుకుంటుంది, ముందు భూమి, రాజ్యాధికారం' అంటారు. అన్నల్లారా! 1985లో కారంచేడులో చెరువు దగ్గర దెబ్బకు అడ్డంగా బిందె ఎత్తింది మున్నంగి సువార్త, ఆడమనిషి. ఆ బిందె నుంచి లేచిన ఉద్యమమే గదా మనది? బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ఆడకూలీల ప్రసూతి సెలవు బిల్లును బలపరిచి మాట్లాడాడు. ఆయనకు అది ఆడోళ్ళ ఊసు అనిపించలేదు. ఆపరేషన్ కోసం తాకట్టు పడిన అరెకరం కూడా భూమి సమస్యే అని ఈ అన్నలకు ఎవరు చెప్పాలి?

కాబట్టి సంఘాల బాధ్యులకు మా సూచన. వచ్చే పక్షంలో ప్రతి మండల కమిటీ, ఆడవాళ్ళు ముందుండి, పీహెచ్‌సీకి పోవాలి. మైక్రోస్కోపు పనిచేస్తోందా, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు నిండి ఉందా, ఏ రోజుల్లో ఉంటారు, వెట్ మౌంట్ రిజిస్టరు ఉందా, ఉంటే పోయిన నెల ఎన్ని స్లైడులు చూశారు అని రాతమూలకంగా అడగాలి. జవాబు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. 2012 ప్రమాణాల పుస్తకం పేరు దరఖాస్తులో రాయండి. రాస్తే 'మాకు తెలియదు' అనలేరు. పరీక్షగదికి తెర, లోపల గొళ్ళెం ఉన్నాయో లేదో కంటితో చూడండి. జిల్లా ఆసుపత్రిలో జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం ఉంటే ఈ పరాన్నజీవి గుళికలు తెప్పించమని కలెక్టరు గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. కడుపుతో ఉన్న అక్కలకు తెల్లబట్ట ఉంటే ఆశా వర్కరు వెంట పోయి పరీక్ష అడగండి.

ఎవరైనా 'గర్భసంచి తీయాలి' అన్నప్పుడు ఆ ఇంటివాళ్ళు వెంటనే సంతకం పెట్టకుండా ఆపండి. ప్రాణం మీదకొచ్చిన రక్తస్రావం అయితే వేరు. తెల్లబట్ట అనే కారణం చెబితే స్రావం పరీక్ష కాగితం ఏదని అడగండి. కాగితం లేకపోతే ఆపరేషన్ లేదు. సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరమ్మకు చూపించి, రెండో మాట విన్నాకనే ముందుకు పోవాలి. మందు వాడినవాళ్ళు మొగుడికి కూడా వాడించి, ఇద్దరిదీ పూర్తయ్యేదాకా కలయిక ఆపి, మూడు నెలల లోపు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండో స్లైడు చూడటానికి కూడా పీహెచ్‌సీ తలుపు తెరిచే ఉండాలి. ఏ పీహెచ్‌సీ ఏం జవాబు చెప్పిందో కార్డు ముక్క మీద రాసి పంపండి, అచ్చేస్తాం. అక్కల పేర్లు రాయొద్దు, మండలం పేరు చాలు.